ఆడించేవాడి పని

(సంఘం వార్షిక సభలో ఆటల శిక్షకుల తరఫున చేసిన ప్రసంగ పాఠం)



మేము ముగ్గురం. హిందూపురంలో ఒకరం, ధర్మవరంలో ఒకరం, పెనుకొండలో ఆడపిల్లల కోసం మా ఆపా ఒకరు. సాయంకాలం పూట పిల్లలను ఆడించడం మా పని. మాకు విజిలు ఊదడం వచ్చు గాని ఉపన్యాసం రాదు. కార్యదర్శిగారు "మీ పని గురించి నాలుగు మాటలు చెప్పండి" అని పట్టుబట్టారు. సరేనని ముగ్గురం ఒకచోట కూర్చుని రాసుకొచ్చాం. రాసింది ముగ్గురం, చదివేది ఒకరం. తప్పులుంటే ముగ్గురినీ తిట్టండి.

మాలో ఒకరికి సంబంధం చూసే రోజుల్లో పిల్ల తరఫు పెద్దాయన అడిగారు, "అబ్బాయి ఏం చేస్తాడు?" అని. "పగలు బడిలో డ్రిల్లు మాస్టరు, సాయంత్రం సంఘం తరఫున పిల్లోళ్ళను ఆడిస్తాడు" అని చెప్పారు మావాళ్ళు. ఆయన కాసేపు ఆలోచించి, "అది సరే, పనేం చేస్తాడు?" అన్నారు. ఆ సంబంధం కుదిరింది. ఆ మామగారు ఈ సభలోనే ఉన్నారు కాబట్టి ఆ సంగతి ఇంతటితో ఆపేస్తున్నాం.

ఆయన్ను తప్పుపట్టలేము. ఆడుకోవడం పిల్లలకు ఎవరూ నేర్పనక్కరలేదు కదా అని అందరూ అనుకుంటారు. ఒకప్పుడు అది నిజం కూడా. వీధి నిండా గోళీలు, బొంగరాలు, చిల్లకట్టె ఉండేవి. కొంచెం పెద్దవాళ్ళకు తాలీంఖానా ఉండేది. ఉస్తాద్ దగ్గర మట్టి జల్లించడం, దండీలు, బస్కీలు, కుస్తీ, కర్రసాము, అన్నీ వరుసగా నేర్చుకునేవారు. ఉస్తాద్‌కు జీతం లేకపోయినా గౌరవం ఉండేది. పెళ్ళికి, పండుగకు ముందు ఆయన ఇంటికి పోయి పిలిచేవారు.

బడుల్లో సంగతి వేరు. డ్రిల్లు మాస్టరంటే చాలాచోట్ల పట్టాళం నుంచి పింఛను మీద వచ్చినవారే. లెఫ్ట్ రైట్ అనిపించడం, తప్పితే బెత్తం. 1920లో మద్రాసులో హ్యారీ క్రో బక్ అనే ఆయన వై.ఎం.సి.ఏ. వ్యాయామ విద్యా కళాశాల మొదలుపెట్టారు. పిల్లవాడికి కవాతు ఒక్కటే చాలదు, ఆట కావాలి, ఆ ఆట చెప్పడానికి చదువుకున్న మాస్టరు కావాలి అన్నది ఆయన పట్టుదల. అప్పుడు మన జిల్లా మద్రాసు రాజధానిలోనిదే. ఇవాళ ఇంటర్ తర్వాత డి.పి.ఇడి., డిగ్రీ తర్వాత బి.పి.ఇడి., రెండేళ్ళ చొప్పున చదివి ఈ పనిలోకి రావచ్చు. ఒక ఆటలో కోచ్ కావాలంటే 1961లో పాటియాలాలో స్థాపించిన జాతీయ క్రీడా సంస్థ ఉంది. ఇక్కడ కూర్చున్న కుర్రాళ్ళలో ఎవరికైనా ఆసక్తి ఉంటే సభ అయ్యాక మమ్మల్ని కలవండి.

మన వాళ్ళలో ఈ పనికి పేరు తెచ్చినవారు లేకపోలేదు. హైదరాబాదులో సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ ఉండేవారు. 1909లో పుట్టారు. అసలు ఉద్యోగం బడిపంతులు. ఆయన తర్ఫీదు ఇచ్చిన భారత ఫుట్‌బాల్ జట్టు 1951లో ఢిల్లీ ఏషియన్ గేమ్స్‌లో స్వర్ణం గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. 1962లో జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి మళ్ళీ స్వర్ణం తెచ్చింది. అప్పటికే ఆయనకు ఊపిరితిత్తుల క్యాన్సర్. 1963 జూన్‌లో పోయారు. 2024లో "మైదాన్" సినిమా వచ్చేదాకా మన పిల్లలకు ఆయన పేరే తెలియదు. బ్యాడ్మింటన్‌లో ఎస్.ఎం. ఆరిఫ్ సాబ్ ఉన్నారు. 2000లో ద్రోణాచార్య, 2012లో పద్మశ్రీ. 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచిన గోపీచంద్ ఆయన దగ్గర నేర్చుకున్నవాడే.

రహీం సాబ్ గురించి ఒక సంగతి చెబుతారు. కుడికాలి వాటం ఉన్నవాళ్ళు ఎడమకాలితోనే ఆడాలని ఆయన ప్రత్యేకంగా పోటీలు పెట్టేవారట. మేము దాన్ని అరువు తెచ్చుకున్నాం. పెద్ద పిల్లలు చిన్నవాళ్ళను తొక్కేస్తుంటే, "ఈ పూట మీరంతా ఎడమకాలు" అంటాం. అయిదు నిమిషాల్లో పెద్దా చిన్నా అందరూ సమానమే. మైదానమంతా నవ్వులే.

అసలు మా పని ఎక్కడుందో చెబుతాము. అసర్ నమాజు తర్వాత మొదలై మగ్రిబ్ అజాన్‌తో మా ఆట ఆగిపోతుంది. సున్నంతో గీతలు గీసి, రాళ్ళు ఏరి, గాజుపెంకులు ఉన్నాయేమో చూసి, విజిలు ఊదుతాం. పిల్లలు పరుగెత్తుకొస్తారు. పరుగెత్తుకొచ్చేవాడితో మాకు పెద్దగా పనిలేదు, వాడు మేము లేకపోయినా ఆడతాడు. మేము చూసేది గోడవార నిలబడినవాడిని. ఇద్దరు నాయకులు ఒక్కొక్కరినీ పిలుచుకుంటూ జట్లు ఎంచుకుంటారు చూడండి, అందులో చివరికి మిగిలిపోయే పిల్లవాడు ఒకడుంటాడు. వాడు రెండు రోజులు వస్తాడు, మూడో రోజు రాడు. అందుకని మా దగ్గర నాయకులు ఎంచుకోవడం లేదు. పుట్టిన నెల అడిగి జట్లు చేస్తాం. కొత్తవాళ్ళు ఎక్కువైతే ఖోఖో పెడతాం. ఎనిమిది మంది ఒకరు అటు, ఒకరు ఇటు ముఖం పెట్టి వరుసగా కూర్చుంటారు, తొమ్మిదోవాడు తరుముతాడు. వీపు తట్టి "ఖో" అనగానే ఎంత సిగ్గరి అయినా లేచి పరుగెత్తాల్సిందే. క్రికెట్‌లో అయితే బౌండరీ దగ్గర నిలబడి సాయంత్రమంతా గడిపేయవచ్చు. మా చిన్నప్పుడు మేమూ గడిపాం.

ఊరు ఊరికీ పిల్లలు వేరు. హిందూపురంలో మెకానిక్ షెడ్డులో, పంక్చర్ షాపులో మామకో చాచాకో సాయం చేసే పిల్లలు ఎక్కువ. చేతులు గట్టివి, కోపం ముక్కు మీద. వాళ్ళకు కబడ్డీ పెడితే మొదటి వారం కొట్లాటే. "పట్టుకోవచ్చు, కొట్టకూడదు" అన్న ఒక్క మాట వంటబట్టడానికి నెల పట్టింది. ధర్మవరంలో మగ్గాల ఇళ్ళ పిల్లలు. బడి నుంచి రాగానే కండెలు చుట్టడానికి కూర్చుంటారు. వంగి వంగి వీపు పట్టేసి ఉంటుంది. వాళ్ళకు ముందు ఆట వద్దు. చేతులు పైకెత్తడం, నడుము తిప్పడం, మెల్లగా పరుగు, ఆ తర్వాతే బంతి. పెనుకొండలో స్థలం కరువు. ఎర్రమంచి దగ్గర కార్ల ఫ్యాక్టరీ వచ్చినప్పటి నుంచి ఖాళీ జాగా కనిపిస్తే చాలు హద్దురాళ్ళు పాతేస్తున్నారు. ఇన్ని చక్రవర్తుల కోట ఉన్న ఊళ్ళో పిల్లలకు ఖోఖో గీత గీసుకునే చోటు లేదు.

ఇప్పుడు మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. 2019లో రంజాన్ మే నెలలో వచ్చింది. ధర్మవరంలో అప్పుడే వేసవి శిబిరం నడుస్తోంది. రోజా ఉన్నవాళ్ళు ఆడవద్దని చెప్పాం, కాని ఒక్కొక్కరినీ అడగలేదు. పన్నెండేళ్ళ పిల్లవాడు ఒకడు ఇంట్లో చెప్పకుండా, సహరీకి ఏమీ తినకుండా రోజా పెట్టుకున్నాడు. ఫుట్‌బాల్ ఆడుతూ ఆడుతూ నడి మైదానంలో పడిపోయాడు. మేము పరుగెత్తేలోపు పిల్లలే వాడి చుట్టూ గుంపు కట్టి గాలి ఆడకుండా చేశారు. ఎవరో నోట్లో నీళ్ళు పోయబోతే ఆపాం. స్పృహ లేనివాడి నోట్లో నీళ్ళు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. నీడకు మోసుకుపోయి, బొత్తాలు విప్పి, కాళ్ళు ఎత్తిపెట్టి, తడిగుడ్డతో ఒళ్ళంతా తుడిచాం. కళ్ళు తెరిచి వాడు అన్న మొదటి మాట, "నక్కో సార్, పానీ నక్కో." రోజా పోతుందని వాడి బెంగ. మాకు చేతులు వణికాయి. ప్రాణం మీదికి వచ్చినప్పుడు రోజా విరమించవచ్చు, పైగా వయసు రాని పిల్లవాడికి రోజా విధి కాదు అని మౌలానాగారు వచ్చి వాడి పక్కన కూర్చుని చెప్పాక గాని తాగలేదు.

వాళ్ళమ్మ ఆ రాత్రి మా ఇంటికి వచ్చింది. తిట్టలేదు. "మీ దగ్గరున్నాడు గదా అని నేను నిమ్మళంగా ఉంటిని" అన్నది. తిట్టినా బాగుండేది.

ఆ మర్నాడు నుంచి ఆట మొదలుకాకముందు అందరినీ కూర్చోబెట్టి ఒక్కొక్కరి ముఖం చూసి అడుగుతున్నాం. తిన్నావా, జ్వరమేమన్నా ఉందా, మందులేమన్నా వేసుకుంటున్నావా అని. రంజాన్‌లో రోజా ఉన్నవాళ్ళకు స్కోరు రాయడం, విజిలు ఊదడం ఇస్తాం. పడిపోయిన ఆ పిల్లవాడు ఆ నెలంతా రిఫరీగా ఉన్నాడు. సొంత అన్ననే రెండుసార్లు బయటికి పంపించాడు. ఇంకొక మాట. కాలు బెణికితే నూనె పోసి గట్టిగా తోమవద్దు, చల్లటి గుడ్డ చుట్టి కదలకుండా ఉంచండి. చెయ్యి విరిగిందనిపిస్తే పుత్తూరు కట్టు అంటూ బస్సెక్కకుండా ముందు ఎక్స్‌రే తీయించండి. పెద్దలకు కోపం వస్తుందని తెలిసే చెబుతున్నాం.

ఇక ఆడపిల్లల సంగతి. మా ఆపా కాలేజీ రోజుల్లో ఖోఖో ఆడినవారు. పెనుకొండలో ప్రహరీగోడ ఉన్న ఒక ఆవరణలో వారానికి రెండు రోజులు మొదలుపెట్టారు. మొదటి రోజు నలుగురు వచ్చారు, వాళ్ళ వెంట కాపలాకు నలుగురు తల్లులు వచ్చారు. తల్లులు గోడవార కూర్చున్నారు. గోడవార ఉన్నవాళ్ళను చూడటమే మా పని అని చెప్పాం కదా. ఆపా వాళ్ళకు అచ్చనగండ్లు ఇచ్చారు. పదిహేనేళ్ళుగా చేతబట్టలేదంటూనే ఒకామె అందరినీ ఓడించింది. నాలుగో వారానికి పిల్లలు ఇంతకింత అయ్యారు. ఇంతలో ఆవరణ తాళం చెవి ఇచ్చేవారు మానేశారు. ఎవరో ఏదో అన్నారట. ఏమన్నారో మా ముఖం మీద ఎవరూ చెప్పలేదు.

నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్‌కు మొదటి గురువు వాళ్ళ నాన్నే. ఆమె 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ బాక్సింగ్ ఛాంపియన్ అయినప్పుడు మన వీధుల్లోనూ మిఠాయి పంచారు. పంచిన చేతులే గేటుకు తాళం వేస్తే ఎట్లా? మా ఆపా బాక్సింగ్ నేర్పాలనడం లేదు. పన్నెండేళ్ళు దాటిన ఆడపిల్ల వారానికి రెండు గంటలు ఒగర్చేలా పరుగెత్తాలి, అంతే అంటున్నారు. దుపట్టా అడ్డంగా ముడివేసుకుని పరుగెత్తుతారు. చూసేవాళ్ళంతా ఆడవాళ్ళే. మగ్రిబ్‌కు ముందే ఇంట్లో ఉంటారు. ఇంతకంటే ఏం జాగ్రత్త తీసుకోవాలో చెప్పండి, తీసుకుంటాం.

ఈ సంవత్సరం బడ్జెట్ కాగితం మాకూ ఇచ్చారు. అందులో మూడు రోజుల టోర్నమెంటుకు, కప్పుకు, షామియానాకు, మైకుకు డబ్బు రాసి ఉంది. ఆటల శిక్షకులు అన్న చోట గీత పెట్టి ఉంది. అడిగితే, "మీరు సేవ చేస్తున్నారు గదా" అన్నారు. సేవే, కాదనం. కాని మాలో ఒకరికి పగటి ఉద్యోగం పోయింది. ట్యూషన్లు మొదలుపెడితే సాయంత్రాలు పోతాయి. సాయంత్రాలు పోతే హిందూపురంలో పిల్లలకు ఆట లేదు. టోర్నమెంటు వద్దనం. అందులో ఆడేది బాగా ఆడేవాళ్ళే. గోడవార నిలబడేవాడు అక్కడా గోడవారే నిలబడి చప్పట్లు కొడతాడు. కప్పు కొంచెం చిన్నది కొనండి. మూడు ఊళ్ళకూ ఒక్కొక్క మందులపెట్టె కొనివ్వండి. నెలకింత అని ఎంతో కొంత రాయండి. ఎంత రాసినా మేము బేరమాడం.

ఆపా ఇంకొక మాట చేర్చమన్నారు. వచ్చే ఆదివారం అసర్ తర్వాత ఆడపిల్లలను మళ్ళీ రమ్మని చెప్పేశారు. ఆ గేటు తాళం చెవి ఎవరి దగ్గర ఉందో ఈ సభలో వారికి తెలుసు. దయచేసి వెళ్ళేముందు ఆమె చేతికి ఇచ్చి వెళ్ళండి.

సెలవు. సలాం.