ఉరి భయం, పట్టుబడే భయం



ఎవరి స్మృతిలో ఈ సభ జరుగుతోందో ఆ పెద్దాయన జీవితమంతా సెషన్స్ కోర్టుల్లో ముద్దాయిల తరఫున వాదించారు. ఆయన పేరు మీద శిక్షల గురించి మాట్లాడమన్నప్పుడు నాకు ముందుగా తట్టింది చిలకలూరిపేట బస్సు కేసు. ఓ వయసు దాటినవాళ్లు ఎవరూ దాన్ని మరిచిపోయి ఉండరు. 1993 మార్చి 8న ఇద్దరు యువకులు ప్రయాణికులను బెదిరించి దోచుకోవాలని ఆర్టీసీ బస్సెక్కారు. పెట్రోలు చల్లారు. బస్సు తగలబడింది. 23 మంది సజీవ దహనమయ్యారు. సెషన్స్ కోర్టు వేసిన ఉరిశిక్షను హైకోర్టు, ఆ తర్వాత సుప్రీంకోర్టు ఖాయం చేశాయి. 1997 మార్చిలో ఉరి చివరి ఘడియల్లో ఆగింది. పౌరహక్కుల సంఘాలు, రచయితలు పట్టువదలకుండా చేసిన ప్రయత్నం తర్వాత 1998లో రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ దాన్ని యావజ్జీవంగా మార్చారు.

ఆ ఇద్దరినీ ఉరితీయాల్సిందా కాదా అన్నది ఒక ప్రశ్న. నేను ఉరిశిక్షకు వ్యతిరేకిని, ఆ మాట దాచుకోను. కానీ ఈరోజు అడగదలచుకున్నది వేరు. వాళ్లు పెట్రోలుతో బస్సెక్కిన నాటికే భారత శిక్షాస్మృతి 302వ సెక్షన్ కింద ఉరి ఉంది. బ్రిటిషువాళ్ల కాలం నుంచీ ఉంది. మనిషిని చంపితే ఉరేస్తారని చదువు రానివాడికి కూడా తెలుసు. మరి ఆ భయం ఆ రోజు ఎందుకు పనిచెయ్యలేదు? డబ్బు చేతికొస్తుంది, దొరక్కుండా దిగిపోతాం అన్న లెక్కతో వెళ్లేవాడికి దొరికాక పడే శిక్ష పదేళ్లా, యావజ్జీవమా, ఉరా అన్న లెక్క ఉండదు. మన పల్లెల్లో గట్టు తగాదాలో గొడ్డలి ఎత్తినవాడికీ, తాగిన మైకంలో, భార్య మీద అనుమానంతో చంపినవాడికీ ఆ మాత్రం లెక్క కూడా ఉండదు.

దీనికి గట్టి ఎదురువాదన ఉంది. భయపడి ఆగిపోయినవాళ్లు మన కంటికి కనబడరు కదా, నేరం చేసినవాణ్ణి చూపించి భయం లేదంటే ఎలా అని. న్యాయమైన మాటే. అందుకే ఒక్క కేసుతో తేల్చకుండా, ఉరి ఉన్న కాలాన్నీ లేని కాలాన్నీ పక్కపక్కన పెట్టి చూడాలి. తిరువాన్కూరు సంస్థానం 1944లో ఉరిని ఎత్తేసింది. ఉరి లేని 1945–50 మధ్య అక్కడ 962 హత్యలు జరిగాయి. ఉరి మళ్లీ వచ్చాక 1950–55 మధ్య 967. దేశం మొత్తానికి చూస్తే 1992లో లక్ష జనాభాకు 4.6గా ఉన్న హత్యల రేటు 2013 నాటికి 2.7కు, 2022 నాటికి 2.1కు దిగింది. ఆ ముప్పై ఏళ్లలో ఉరి అమలైన సందర్భాలు చాలా తక్కువ. ఉరికొయ్య దాదాపు ఖాళీగా ఉన్న కాలంలోనే హత్యలు సగానికి పైగా తగ్గాయి. ఉరి తగ్గడం వల్లే హత్యలు తగ్గాయని నేననను. హత్యల్ని అదుపులో ఉంచుతున్నది ఉరితాడే అన్న మాట మాత్రం ఈ అంకెల ముందు నిలబడదు.

అమెరికాలో 1975లో ఐజాక్ ఎర్లిక్ అనే ఆర్థికవేత్త, ఒక్కో మరణశిక్ష అమలుతో ఏడెనిమిది హత్యలు ఆగుతాయని లెక్కకట్టారు. ఆ దేశ సుప్రీంకోర్టు దాకా వెళ్లిన లెక్క అది. దాని మీద దశాబ్దాల పాటు వాదోపవాదాలు జరిగాయి. చివరికి 2012లో అక్కడి నేషనల్ రిసెర్చ్ కౌన్సిల్ ఆ అధ్యయనాలన్నింటినీ జల్లెడ పట్టి, మరణశిక్ష వల్ల హత్యలు తగ్గుతాయనో పెరుగుతాయనో మార్పుండదనో చెప్పడానికి అవేవీ పనికిరావని తేల్చింది. అంటే రుజువు కాలేదు. రుజువు కానప్పుడు ఏం చెయ్యాలో ఈ హాల్లో ఉన్న ప్లీడర్లకు నేను చెప్పనక్కర్లేదు. సెల్‌ఫోన్ దొంగతనం కేసులో కూడా సంశయలాభం ముద్దాయికి ఇస్తాం. ప్రాణం తీసే అధికారం కోరుతున్న ప్రభుత్వమే దానివల్ల ప్రయోజనం ఉందని రుజువు చెయ్యాలి. మన లా కమిషన్ 1967లో ఉరి ఉండాలంది. 2015లో జస్టిస్ ఎ.పి. షా నాయకత్వంలో ఇచ్చిన 262వ నివేదికలో, యావజ్జీవాన్ని మించి అదనంగా భయపెట్టే శక్తి ఉరికి ఉందనడానికి ఆధారం లేదని చెప్పి, ఉగ్రవాదం, దేశంపై యుద్ధం కేసుల్లో తప్ప ఎత్తేయమంది. ప్రభుత్వాలు ఆ నివేదికను పక్కన పెట్టేశాయి.

శిక్ష పెరిగితే నేరస్థుడికన్నా ముందు జడిసేది కోర్టు. 18వ శతాబ్దపు ఇంగ్లండులో రెండు వందలకు పైగా నేరాలకు ఉరి ఉండేది. ఇంట్లోంచి 40 షిల్లింగుల సొత్తు ఎత్తుకుపోయినా ఉరే. జ్యూరీలో కూర్చున్న చిల్లర వ్యాపారులు, చేతివృత్తులవాళ్లు ఏం చేసేవారంటే, పోయిన సొత్తు ఎంత విలువైనదైనా దాని ఖరీదు 39 షిల్లింగులని తీర్పు చెప్పేవారు. ఒక్క షిల్లింగు తగ్గించి ఒక ప్రాణం నిలిపేవారు. కొన్నిసార్లు అసలు నేరమే లేదని వదిలేసేవారు. చట్టం భీకరంగా ఉంది కాబట్టే శిక్షలు తప్పిపోయాయి. దొంగలకు అది తెలుసు.

ఇప్పుడు మన దగ్గరికి రండి. 2018లో పన్నెండేళ్లలోపు బాలికపై అత్యాచారానికి ఉరి తెచ్చారు, 2019లో పోక్సో చట్టాన్ని మరింత కఠినం చేశారు. అత్యాచారం కేసుల్లో నూటికి తొంభైకి పైగా నిందితులు బాధితురాలికి తెలిసినవాళ్లే అని నేర గణాంకాల సంస్థ ఏటా చెబుతూనే ఉంది. బాబాయి, మేనమామ, పక్కింటివాడు, ట్యూషన్ మాస్టారు. ఆ పసిదాని తల్లి స్టేషను గడప ఎక్కాలంటే ఇప్పుడు అత్తగారు ఏమంటుంది? ‘మీ మరిదిని ఉరికంబం ఎక్కిస్తావా?’ అంటుంది. పాత చట్టం కిందే నోరు మూయించిన ఇంటికి కొత్త చట్టం ఇంకో కారణం ఇచ్చింది. కేసు పెట్టినా విచారణ నాటికి సాక్షులు అడ్డం తిరుగుతారు. పైగా అత్యాచారానికీ హత్యకూ ఒకే శిక్ష అయితే, సాక్ష్యం చెప్పగల ఆ పిల్లను బతకనివ్వడం వల్ల నేరస్థుడికి ఒరిగేదేమీ ఉండదు. ఇది తలుచుకుంటేనే నాకు వణుకు పుడుతుంది. అత్యాచారానికి ఉరి వద్దని 2013 జనవరిలో జస్టిస్ వర్మ కమిటీ ఊరికే అనలేదు.

హైదరాబాద్ శివార్లలో టోల్‌గేటు దగ్గర కాపుకాసి, 2019 నవంబరు 27 రాత్రి ఓ యువ డాక్టరుపై అత్యాచారం చేసి చంపిన సంగతి మీకు తెలుసు. డాక్టరు ఇంటికి రాలేదు, ఫోను పలకడం లేదు. కుటుంబం స్టేషనుకు పరుగెత్తితే, అది మా పరిధిలోకి రాదన్న మాటతో విలువైన సమయం పోయింది. ఎఫ్.ఐ.ఆర్. ఆలస్యం చేశారని ముగ్గురు పోలీసు సిబ్బందిని సస్పెండ్ చేశారు కూడా. పరిధి ఏదైనా ముందు జీరో ఎఫ్.ఐ.ఆర్. కట్టి కదలాలన్న నియమం అప్పటికే ఉంది. తొమ్మిది రోజులకు, డిసెంబరు 6 తెల్లవారుజామున, నలుగురు నిందితులూ పోలీసు కాల్పుల్లో చనిపోయారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషన్ తర్వాత తేల్చింది ఏమిటంటే, చంపాలనే కాల్చారని, నలుగురిలో ముగ్గురు మైనర్లని.

2008 డిసెంబరులో వరంగల్లులో ఇంజినీరింగ్ విద్యార్థినుల మీద యాసిడ్ పోసిన కేసులో ముగ్గురు నిందితులు ఇలాగే పోలీసు కాల్పుల్లో చనిపోయారు. అప్పుడూ దండలు వేశారు. విచారణ లేకుండా మూడు రోజుల్లో చావు, అంతకన్నా కఠినమైన, అంతకన్నా త్వరితమైన శిక్ష ఏముంటుంది? అది భయపెట్టగలిగి ఉంటే పదకొండేళ్ల తర్వాత ఆ టోల్‌గేటు దగ్గర కాపుకాసినవాళ్లు భయపడి ఉండాలి.

ఆ డాక్టరు హత్య జరిగిన వెంటనే ఆంధ్రప్రదేశ్ శాసనసభ దిశ పేరుతో బిల్లు ఆమోదించింది. ఏడు పనిదినాల్లో దర్యాప్తు, పద్నాలుగు పనిదినాల్లో విచారణ, మొత్తం 21 పనిదినాల్లో తీర్పు, ఉరి. బిల్లుకు రాష్ట్రపతి ఆమోదం రాలేదు. వచ్చినా, ఫోరెన్సిక్ ల్యాబు నుంచి డి.ఎన్.ఎ. రిపోర్టు రాకుండా ఏడు రోజుల్లో ఛార్జిషీటు ఎలా వేస్తారు? ఒకే ఎస్సై బందోబస్తూ చూసుకుంటూ, పండగ ఊరేగింపులూ చూసుకుంటూ, దర్యాప్తూ చేస్తుంటే పంచనామాలో తప్పులు దొర్లకుండా ఎలా ఉంటాయి? ఆ తప్పుల మీదే కేసు కొట్టేస్తారు. దేశంలో విచారణ ముగిసిన అత్యాచారం కేసుల్లో శిక్ష పడుతున్నది నూటికి ఇరవై ఏడూ ఇరవై ఎనిమిదింటికే. మిగతావాళ్లు ఊళ్లోకి తిరిగొచ్చి ఆ అమ్మాయి ఎదుటే తిరుగుతున్నారు. నేరం చేయబోయేవాడు చట్టం పుస్తకం చూడడు, ఇలా తిరిగొచ్చినవాణ్ణి చూస్తాడు.

ఇటలీ తత్వవేత్త బెకారియా 1764లోనే ఈ మాట రాశాడు, శిక్ష క్రూరత్వం కన్నా అది తప్పదన్న నమ్మకమే నేరాన్ని ఆపుతుందని. ఆధునిక పరిశోధనలు చాలావరకు దాన్ని బలపరిచాయి. ఆ నమ్మకం కలిగించడానికి డబ్బు ఖర్చవుతుంది. దర్యాప్తుకే ప్రత్యేకించిన సిబ్బంది కావాలి, పబ్లిక్ ప్రాసిక్యూటర్ల ఖాళీలు నింపాలి, సాక్షికి రక్షణ ఉండాలి. సాక్షుల రక్షణ పథకాన్ని సుప్రీంకోర్టు 2018లోనే ఆమోదించింది. వాయిదాకు వచ్చి సాయంత్రం దాకా కోర్టు వరండాలో ముద్దాయి మనుషుల పక్కనే నిలబడ్డ సాక్షిని అడగండి, అది ఎక్కడిదాకా వచ్చిందో చెబుతాడు.

ఆ బస్సులో కాలిపోయిన 23 మంది కుటుంబాల కోపాన్ని నేను తక్కువ చేయను, వాళ్లకు ఉపదేశం చెప్పే అర్హత నాకు లేదు. నేను నిలదీస్తున్నది ఆ కోపాన్ని వాడుకునేవాళ్లను. 2024 జులై నుంచి అమలవుతున్న భారతీయ న్యాయ సంహితలో మూకహత్యకు, మైనరుపై సామూహిక అత్యాచారానికి కూడా ఉరి చేర్చారు. ఆ సెక్షన్ల కింద కేసు కట్టే స్టేషన్లలో దర్యాప్తు అధికారులు ఎందరు పెరిగారో, ల్యాబుల్లో ఎన్ని పోస్టులు నింపారో మన ఎమ్మెల్యేలనూ ఎంపీలనూ అడగాల్సి ఉంది.