ఆటస్థలం వెలుపల మన పిల్లలు

 



మన తెలుగు కుటుంబాలు అనేకం నేడు అమెరికాలో స్థిరపడి ఉన్నాయి. వారి పిల్లలు అక్కడి పాఠశాలల జట్లలో ఆడుతున్నారు. జట్టులో చేరే విద్యార్థి బడి బయట ఎలా నడచుకోవాలో తెలిపే నియమావళిపై చాలాచోట్ల సంతకం చేయవలసి ఉంటుంది. ఆ నియమాల అధికారం ఎంత దూరం సాగుతుందన్న ప్రశ్న 2021లో ఆ దేశపు సుప్రీంకోర్టు ఎదుటకు వచ్చింది. ఫోను లేని విద్యార్థి అరుదైపోయిన మన పట్టణాలలోనూ ఆ వ్యాజ్యం ఆలోచింపదగినది.

పెన్సిల్వేనియా రాష్ట్రంలోని మహనోయ్ ప్రాంతపు విద్యార్థిని ఒకతె 2017లో చీర్‌లీడింగ్ ప్రధాన జట్టుకు ఎంపిక కాలేదు. (ఆ క్రీడ మన ఆడపిల్లలకు తగునా అన్నది వేరు చర్చ, నేడు దాని జోలికి పోము.) ఆ వారాంతాన ఒక దుకాణం వద్ద నిలిచి, బడినీ జట్టునూ అసభ్య పదంతో దూషిస్తూ స్నాప్‌చాట్‌లో చిత్రం పెట్టింది. అది 24 గంటలు మాత్రమే, సుమారు 250 మంది మిత్రులకు కనిపించేది. జట్టులోని మరొక బాలిక దానిని వేరొక ఫోనుతో ఫోటో తీసింది. చేతులు మారి అది శిక్షకురాలి కూతురికి, ఆమె ద్వారా తల్లికి చేరింది. తప్పు చేసిన బాలిక క్షమాపణ చెప్పుకొన్నది. అయినా ఏడాదిపాటు ఆమెను రెండవ జట్టు నుండి తొలగించారు. ప్రధానోపాధ్యాయుడు మొదలు పాఠశాల బోర్డు వరకు అందరూ ఆ శిక్షనే సమర్థించారు.

ఎనిమిది మంది న్యాయమూర్తులు బాలిక పక్షాన, ఒకరు పాఠశాల పక్షాన నిలిచారు. బడి బయట పలికిన మాట సాధారణంగా తల్లిదండ్రుల బాధ్యత అని తీర్పు చెప్పింది. లోపలా వెలుపలా పాఠశాలే కాపలా కాస్తే విద్యార్థి 24 గంటల మాటలూ దాని చేతిలోకి పోతాయని హెచ్చరించింది. ఇంతకూ ఆ చిత్రం వలన బడిలో కలిగిన అలజడి ఏమిటి? రెండు రోజులు గణిత తరగతిలో ఐదు పది నిమిషాల ముచ్చట!

ఆ బాలిక మాటను మేము వెనకేసుకురావడం లేదు. నోటిని మలినపరచేది ఏదైనా పాపమే. అయితే దివ్య ఖుర్ఆన్‌లోని హుజురాత్ సూరా 12వ ఆయతు గూఢచర్యాన్నీ పరోక్షనిందనూ ఒకేచోట నిషేధించింది. హజ్రత్ ఉమర్ (రజి) ఒక రాత్రి గోడ దూకి ఒకని పాపాన్ని పట్టుకోగా, ఆ గృహస్థుడు తనది ఒక తప్పయితే ఖలీఫావి మూడని ఎత్తిచూపాడనీ, ఆయన వెనుదిరిగి వెళ్లారనీ గ్రంథాలలో ఉల్లేఖన ఉన్నది. ఖలీఫాకు లేని అధికారం శిక్షకునికి ఎక్కడిది?

కానీ బాధితుడున్న చోట లెక్క మారుతుంది. తోటి విద్యార్థిని ఫోటోను వికృతపరచి పంచిన ఆటగాడు, సందేశాలతో బెదిరించిన ఆటగాడు ఇంట్లో కూర్చుని ఆ పని చేసినా పాఠశాల మౌనం వహించరాదు. ఇతరుల లోపాన్ని కప్పిపుచ్చడం పుణ్యమని హదీసు బోధిస్తుంది నిజమే, పీడితుని నోరు నొక్కడం మాత్రం అందులోకి రాదు. వ్యక్తిని గురిచేసుకొన్న వేధింపుపై, బెదిరింపుపై బడి చర్య తీసుకోవచ్చునని ఆ తీర్పు కూడా అంగీకరించింది.

ఇక్కడే పాఠశాలలు ఎక్కువగా జారిపడతాయి. ప్రత్యామ్నాయ ఆటగాడు తప్పు చేస్తే నియమం గుర్తుకు వస్తుంది. పోటీ దగ్గరపడిన వేళ జట్టు నాయకుడు చేస్తే, కుర్రతనంలే అంటారు. మఖ్జూమ్ వంశపు స్త్రీ దొంగతనం చేసినప్పుడు, గొప్పింటి ఆడపడుచని ఉసామా (రజి) చేత సిఫారసు చేయించారు. దైవప్రవక్త (స) ఆగ్రహించి దానిని తిరస్కరించారు. గొప్పవారిని వదలి బలహీనులను శిక్షించడం వల్లనే పూర్వపు జాతులు నశించాయని హెచ్చరించారు. ఈ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉన్నది. దానిని వ్యాయామ ఉపాధ్యాయులు మనకంటే ముందు వినవలసి ఉన్నది.

తల్లిదండ్రులారా! న్యాయస్థానం మీకు అప్పగించినది ఒక బరువు. బడి శిక్షించరాదన్నంత మాత్రాన ఆ బూతుమాట ఒప్పయిపోలేదు, దానిని సరిదిద్దే పని ఆ సాయంత్రం మీ వసారాకు వచ్చి కూర్చున్నది. ఈ ఏడు జట్టు నియమావళి కాగితం ఇంటికి వచ్చినప్పుడు చదవకుండా సంతకం చేయకండి. బిడ్డను పక్కన కూర్చోబెట్టుకొని చదవండి. ఏ తప్పుకు ఏ శిక్ష, బిడ్డ వాదన వినేది ఎవరు, పశ్చాత్తాపపడినవానికి తిరిగి జట్టులో చోటు ఎప్పుడు అని శిక్షకుణ్ణి అడగండి. జవాబు రాసి ఇమ్మనండి.