పాస్‌పోర్టులో లేని ముద్ర



సముద్రం దాటడం మన గోదావరి జిల్లాలకు కొత్త కాదు. కోరంగి, కాకినాడ రేవుల్లో ఓడెక్కి రంగూన్ వెళ్ళినవాళ్ళ మునిమనవలు ఈ హాల్లోనూ ఉండే ఉంటారు. తర్వాత కోనసీమ, నరసాపురం వైపు ఆడవాళ్ళు కువైట్ బాట పట్టారు. ఎన్నో పెంకుటిళ్ళు డాబాలయింది వాళ్ళు పంపిన డబ్బుతోనే. ఇవాళ పట్టాలు అందుకున్న మీలో కొందరి ఫీజులూ అందులోంచే వచ్చాయి.

పదో తరగతి దాటని వాళ్ళ పాస్‌పోర్టు మీద ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) అని ముద్ర ఉంటుంది. అది ఉంటే కువైట్‌తో సహా 18 దేశాలకు పనికి వెళ్ళడానికి 1983 వలస చట్టం ప్రకారం ప్రభుత్వ అనుమతి కావాలి. ఆడవాళ్ళకైతే 30 ఏళ్ళు నిండాలి. ఏజెంట్లు ఆ అనుమతిని తప్పించి విజిట్ వీసా చేతిలో పెట్టడం, అక్కడ కఫీల్ (పనిలో పెట్టుకున్న యజమాని) బాధ పడలేక బయటపడితే అకామా (నివాస అనుమతి) పోయి ‘ఖల్లివెల్లి’, అంటే కాగితాల్లేని మనిషి, కావడం... ఈ కథ మీ వీధిలోనే వినే ఉంటారు. 2024లో కువైట్ మళ్ళీ ఆమ్నెస్టీ (క్షమాభిక్ష) ఇచ్చింది అలాంటివాళ్ళకే.

మీ పాస్‌పోర్టులో ఆ ముద్ర ఉండదు. చదువుకున్నవాడు తన సంగతి తాను చూసుకుంటాడని చట్టం ధీమా. నాకంత ధీమా లేదు. మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అమెరికా అధికారులే పెట్టిన ఉచ్చు. క్లాసులు లేవు, పాఠాలు చెప్పేవాళ్ళు లేరు. 2019 జనవరిలో అందులో పేరున్న 129 మంది భారతీయ విద్యార్థులను పట్టుకున్నారు, చాలామంది తెలుగువాళ్ళే. ఉచ్చు పన్నడం నాకు నచ్చలేదు. కానీ పాఠం లేనిచోట ఫీజెందుకని డిగ్రీ ఉన్నవాడు అడగొద్దా? డేటా ఎంట్రీ ఉద్యోగమని విశాఖ ప్రాంతపు కుర్రాళ్ళను కంబోడియా చేర్చి సైబర్ మోసాలు చేయించిన సంగతి 2024లో బయటపడింది. అనుమతి కావాల్సిన ఆ 18 దేశాల్లో కంబోడియా లేనే లేదు.

నిబంధనలు రాత్రికి రాత్రి మారతాయి. అమెరికా ఉద్యోగ వీసా హెచ్1బీ కొత్త దరఖాస్తుకు లక్ష డాలర్లన్నది 2025 సెప్టెంబరులో అలాగే వచ్చింది. అది మన చేతుల్లో లేదు. మన చేతుల్లో ఉన్నది సంతకానికి ముందు చదవడం. ప్రభుత్వ ఈమైగ్రేట్ వెబ్‌సైట్‌లో నమోదైన ఏజెంట్ల పేర్లుంటాయి. పేరు లేనివాడికి రూపాయి ఇవ్వకండి. మీ వీధిలో కువైట్‌కి బయల్దేరే పిన్నికి కూడా ఆమె ఏజెంటు పేరు అందులో వెతికిపెట్టి, ఒప్పందం చదివి వినిపించండి.