షార్ట్‌వేవ్ రేడియో కొనే ముందు
(మస్తూరీలో సిబ్బంది కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగం)



బిలాస్‌పూర్ రైల్వే కాలనీల్లోని మన తెలుగు పెద్దలు రేడియో సిలోన్‌ను, మీనాక్షి పొన్నుదురై గారి గొంతును ఇప్పటికీ తలుచుకుంటారు. వాళ్ల కోసం ఏ రేడియో కొనాలని కొందరు అడిగారు.

మూడు సెట్లు చూద్దాం. టెక్‌సన్ పీఎల్-330 అన్నిటికన్నా చిన్నది. పాత నోకియా ఫోన్లలో వాడిన బీఎల్-5సీ బ్యాటరీతో నడుస్తుంది. ఎక్స్‌హెచ్‌డేటా డీ-808 కొంచెం పెద్దది, ధ్వని నిండుగా ఉంటుంది. సోనీ ఐసీఎఫ్-ఎస్‌డబ్ల్యూ7600జీఆర్ మామూలు పెన్సిల్ సెల్స్‌తో నడిచే గట్టి సెట్టు; కానీ తయారీ ఆగిపోయింది, పాతదే దొరుకుతుంది. హ్యామ్ రేడియో వాళ్ల మాటలు వినడానికి కావలసిన ఎస్ఎస్‌బీ మూడింటిలోనూ ఉంది.

అయితే సెట్టు కన్నా చోటు ముఖ్యం. 25,000 వోల్టుల రైలు తీగల పక్కన, ఎల్ఈడీ బల్బులు, చార్జర్ల మధ్య ఎంత ఖరీదైన సెట్టయినా గరగరమంటుంది. మస్తూరీ పొలాల్లో చిన్న సెట్టు కూడా బాగా పలుకుతుంది. చార్జర్ తీసేసి, డాబా మీదికెళ్లి, ఏరియల్‌కు ఐదారు మీటర్ల తీగ తగిలించండి. ఉరుముల వేళ మాత్రం ఆ తీగ తీసేయాలి. రాత్రి 49, 41 మీటర్లు, పగలు 19, 16 మీటర్లు వెతకండి.

ఇంకొక్క మాట. బీబీసీ హిందీ షార్ట్‌వేవ్ ప్రసారాలు 2020 జనవరి 31తో ఆగిపోయాయి. పాత స్టేషన్లన్నీ వస్తాయని ఆశపెట్టి రేడియో కొనివ్వకండి. తెలుగు పాటలే కావాలంటే ఫోన్ చాలు. వెతికి పట్టుకోవడంలోనే సరదా ఉన్నవారికి రేడియో కొనివ్వండి. మొదటి నాలుగు రాత్రులు పక్కన కూర్చోండి.

సెలవు.