పొలం లేని దేశంలో వ్యవసాయ పాఠం



మనముంటున్న సింగపూర్‌లో సాగుభూమి సుమారు ఒక శాతమే. తినే తిండిలో 90 శాతానికి పైగా బయటినుంచే రావాలి. ఇలాంటి చోటికి వ్యవసాయ విద్యార్థి వచ్చి ఏం నేర్చుకుంటాడని మీరు నవ్వవచ్చు.

2023 జూలైలో మన దేశం బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతి ఆపేసింది. సింగపూర్‌కి ప్రత్యేక అనుమతి ఇస్తున్నట్టు ఆగస్టు చివర్లో గానీ చెప్పలేదు. మన విద్యార్థికి ధాన్యం కల్లం దాకా, మహా అయితే మిల్లు దాకా తెలుసు. ఆ తర్వాత నాణ్యత పరీక్షలు, పురుగుమందుల అవశేషాల లెక్క, ఓడ, గోదాము ఉంటాయి. కొనేవాడి వైపునుంచి పంటను చూడడం ఇక్కడి మొదటి పాఠం.

మా బాబాయిగారమ్మాయి బాపట్లలో అగ్రికల్చర్ బి.యస్సీ చదువుతోంది. ఇక్కడ గదుల్లో, అరల మీద, ఎల్.ఇ.డి. దీపాల కింద ఆకుకూరలు పెంచుతారని చెబితే, "కరెంటు బిల్లెంత అన్నయ్యా?" అంది. అడగవలసిన ప్రశ్న అదే! నేల కరువైన చోట పుట్టిన పద్ధతి అది. 2030కల్లా 30 శాతం తిండి సొంతంగా పండించాలని 2019లో పెట్టుకున్న లక్ష్యాన్ని సింగపూర్ 2025 నవంబరులో పక్కన పెట్టింది. ఖర్చులు భరించలేక కొన్ని క్షేత్రాలు మూతపడ్డాయి కూడా. ఏ పద్ధతి ఎక్కడ నిలుస్తుందో, ఎందుకు నిలవదో తెలుసుకోవడం రెండో పాఠం.

ఈ రాకపోకలు ఒకవైపే కాదు. 2000ల దశకంలో అమెరికాలోని కార్నెల్ విద్యార్థులు కోర్సులో భాగంగా జనవరిలో మన దేశానికొచ్చి, ఆచార్య రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం వంటి చోట్ల చదివే మన పిల్లలతో కలిసి పల్లెలు తిరిగేవారు. మనకి అలవాటైపోయిన మడిని కొత్తవాళ్ళు "ఇలా ఎందుకు?" అని అడిగితే, మనమూ మళ్ళీ చూస్తాం.

ఆ రంగాగారే 1920లలో ఆక్స్‌ఫర్డ్‌లో అర్థశాస్త్రం చదివి, తిరిగొచ్చి నిడుబ్రోలులో రైతుల కోసం విద్యాలయం నడిపారు.

పిల్లల్ని పంపే తల్లిదండ్రులకీ, డబ్బు సర్దే మనలాంటి బంధువులకీ ఒక మాట. అప్పు చేసేముందు రెండు సంగతులు అడగండి. కోర్సులో ఎన్ని రోజులు పొలంలో, మార్కెట్లో, రైతులతో గడుపుతారు? తిరిగొచ్చాక ఆ చదువుని మన కాలేజీ లెక్కలోకి తీసుకుంటుందా? రెండింటికీ సరైన జవాబు రాకపోతే అది చదువు కాదు, విహారయాత్ర. దానికోసం ఎకరం పొలం తాకట్టు పెట్టనక్కర్లేదు.