నేలలోకి దిగుతున్న నానో లోహాలు, మన పైర్లు



ఈ వృక్షశాస్త్ర సదస్సుకు నన్ను అధ్యక్షత వహించమన్నారు. అధ్యక్షుడైనవాడు ఏడాది పొడుగునా శాస్త్రంలో జరిగిన ప్రగతినంతా ఏకరువు పెట్టడం ఆనవాయితీ. నేను ఆ పని చేయను. ఒక్క విషయం మీదే మాట్లాడతాను. మనం తయారుచేస్తున్న లోహ నానో కణాలు నేలలో చేరాక పైరును ఏం చేస్తాయన్నదే ఆ విషయం.

మన విశ్వవిద్యాలయాల నుంచి నానో విజ్ఞానం మీద వస్తున్న పత్రాలు చాలావరకు ఒకే దారిన నడుస్తున్నాయి. వేపాకో, తులసో, మునగాకో తెచ్చి కాచి వడకట్టి, ఆ రసంలో సిల్వర్ నైట్రేట్ కలుపుతాం. లేత పసుపు ద్రావణం కాసేపటికి ముదురు గోధుమరంగుకు తిరుగుతుంది. వెండి నానో కణాలు ఏర్పడ్డాయని గుర్తిస్తాం. బాక్టీరియా పెంచిన పెట్రి పళ్లెంలో దాన్ని ఒక చుక్క వేసి, చుట్టూ తేటపడిన వలయాన్ని స్కేలు పెట్టి కొలుస్తాం. అక్కడితో పత్రం ముగుస్తుంది. ఆ వెండి ఆ తర్వాత ఎక్కడికి పోతుందని అడిగిన పత్రం నాకు చాలా అరుదుగా కనిపించింది. పళ్లెంలో బాక్టీరియాను చంపిన గుణం నేలలో దిగగానే పోదు. వేరుశనగ వేరు బుడిపెల్లో కాపురం ఉండి పైరుకు నత్రజని అందించేదీ బాక్టీరియానే.

ఎక్కడికి పోతుందో ఇతర దేశాల వాళ్లు కొంత వెతికారు. చెమట వాసన రాకుండా వెండి పట్టించిన మేజోళ్లను 2008లో అమెరికాలోని అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయంలో నీళ్లలో ఉతికి చూశారు. కొన్ని రకాల మేజోళ్ల నుంచి వెండి ఉతికిన నీళ్లలోకి దిగిపోయింది. అదే ఏడాది స్విట్జర్లాండ్‌లో, ఇంటి గోడల రంగులోని టైటానియం డయాక్సైడ్ నానో కణాలు వానకు కొట్టుకొచ్చి కాలువలో చేరడాన్ని సూక్ష్మదర్శినిలో పట్టుకున్నారు. 2010లో ప్రపంచంలో తయారైన నానో పదార్థాలు రెండున్నర లక్షల టన్నుల పైమాటేనని, అందులో 8 నుంచి 28 శాతం దాకా చివరికి నేలలోకే చేరుతుందని ఒక అంచనా. మురుగునీటి శుద్ధి కేంద్రంలో వెండి చాలావరకు గంధకంతో కలిసి సిల్వర్ సల్ఫైడ్‌గా మారి బురదలో ఉండిపోతుంది. సల్ఫైడ్ అంత సులువుగా కరగదు కాబట్టి దాని విషం కొంత తగ్గుతుంది. ఇది ఊరట కలిగించే మాటే. కానీ ఆ బురదను ఎరువుగా పొలానికి తోలితే?

ఆ ప్రశ్నకు జవాబు వెతుకుతూ డ్యూక్ విశ్వవిద్యాలయం వాళ్లు 2013లో ఒక ప్రయోగం ప్రచురించారు. దాని సంగతి మీకు తప్పక చెప్పాలి. వాళ్లు పళ్లేలు వదిలేసి, ఆరుబయట పెద్ద తొట్లలో మట్టి నింపి రకరకాల మొక్కలు పెంచారు. మురుగు బురదలో వెండి నానో కణాలు కలిపి ఒక్కసారే వేశారు. కిలో మట్టికి 0.14 మిల్లీగ్రాముల వెండి, అంతే. మట్టిలోని సూక్ష్మజీవుల మొత్తం 35 శాతం తగ్గింది. ఒక గడ్డి జాతి బరువు 32 శాతం పడిపోయింది. మట్టి నుంచి వెలువడే నైట్రస్ ఆక్సైడ్ ఒక దశలో నాలుగున్నర రెట్లయింది. మన పత్రాల్లో మొక్కలకు పోసే మోతాదులు వందల, వేల మిల్లీగ్రాముల్లో ఉంటాయి. ఇంత చిన్న మోతాదుతో ఇంత మార్పు వచ్చిందంటే, మనం కొలవవలసినచోట కొలవడం లేదని నా అభిప్రాయం.

మొక్క లోపల జరిగేది చూడాలంటే ఖరీదైన పరికరాలే అక్కర్లేదు. ఉల్లిగడ్డ అడుగు నీటికి తగిలేలా గ్లాసు మీద కూర్చోబెడితే రెండు మూడు రోజుల్లో తెల్లటి వేళ్లు దిగుతాయి. వేరు మొన కత్తిరించి, ఎసిటోకార్మిన్ రంగు పట్టించి, గాజు పలకల మధ్య పెట్టి బొటనవేలితో నొక్కి చూడడం డిగ్రీ విద్యార్థులందరూ చేసే పనే. కాల్చిసిన్ ప్రభావం తెలుసుకోవడానికి 1938లో ఆల్బర్ట్ లెవాన్ వాడిన పద్ధతి ఇది. 2009లో వెల్లూరు విఐటి పరిశోధకులు ఇదే ఉల్లివేరును వెండి నానో కణాలున్న నీటిలో పెట్టారు. మామూలు వేళ్లలో విభజన చెందుతున్న కణాలు 60 శాతం దాకా ఉంటే, 100 పిపిఎం వెండిలో పెట్టినవాటిలో 28 శాతానికి దిగాయి. క్రోమోజోములు ఒకదానికొకటి అతుక్కున్నాయి, ముక్కలయ్యాయి, రెండు ధ్రువాల మధ్య వంతెనలా సాగి ఆగిపోయాయి. వేరు మొనలో కణ విభజన ఆగితే వేరు సాగదు. సాగని వేరు లోతులోని తేమను అందుకోలేదు. వర్షాధారంగా పంట తీసే నేలల్లో ఈ ఒక్క నష్టం చాలు, పైరు దెబ్బతినడానికి.

ఇక మోతాదు మాట. జింకు మొక్కకు శత్రువు కాదు. జింకు లోపిస్తే వరికి ఏమవుతుందో ఇక్కడున్న రైతులు నాకన్నా బాగా చెప్పగలరు. 2007లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో ముల్లంగి, మొక్కజొన్న, దోస వంటి ఆరు రకాల విత్తనాలను నానో కణాలున్న నీటిలో పరీక్షించారు. లీటరుకు 2,000 మిల్లీగ్రాముల దగ్గర నానో జింకు, నానో జింక్ ఆక్సైడ్ వేరు పెరుగుదలను దాదాపు నిలిపేశాయి. మొలక శాతం మాత్రం చాలావరకు తగ్గలేదు. ఈ తేడాను విద్యార్థులు గుర్తుపెట్టుకోవాలి. మొలక వచ్చింది కదా అని ఫలితం రాసేస్తే వేరుకు జరిగిన నష్టం మన కంట పడదు.

తిరుపతి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానంలో వేరుశనగ మీద చేసి 2012లో ప్రచురించిన పని నాకు చాలా ఇష్టమైనది. సుమారు 25 నానోమీటర్ల జింక్ ఆక్సైడ్ కణాలను 1,000 పిపిఎం దగ్గర విత్తనానికి పట్టిస్తే మొలకలు బలంగా వచ్చాయి, పూత ముందే వచ్చింది. మామూలు జింకు ఎరువు మోతాదులో పదిహేనో వంతును పైరు మీద పిచికారీ చేసి, 2008-09, 2009-10 రబీల్లో 29.5, 26.3 శాతం ఎక్కువ కాయ దిగుబడి తీశారు. అదే పత్రంలో, అదే విత్తనానికి 2,000 పిపిఎం పట్టిస్తే పెరుగుదల కుంటుపడింది. మేలుకూ కీడుకూ మధ్య ఉన్నది రెట్టింపు మోతాదు మాత్రమే. మందు కొట్టేటప్పుడు ‘ఇంకో మూత పోద్దాం’ అనుకోవడం మన పల్లెల్లో ఎంత మామూలో అందరికీ తెలుసు. 2024లో ద్రవరూపంలోని నానో జింకు, నానో రాగి ఎరువులకు కేంద్రం అనుమతి ఇచ్చింది. అవి పొలాల్లోకి రావడాన్ని నేను వ్యతిరేకించను. తక్కువ లోహంతో ఎక్కువ పంట వస్తే నేలకూ మంచిదే. ఒకే చేలో ఏటా చల్లుతూ పోతే పదేళ్లకు ఆ మట్టిలో ఏం మిగులుతుందో చూసే పని మాత్రం ఇప్పుడే మొదలుపెట్టాలి.

రాగి సంగతీ ఇలాంటిదే. కొరియాలో పెసర, గోధుమ మొలకల మీద నానో రాగిని పరీక్షించినప్పుడు గోధుమ కన్నా పెసరే ముందు దెబ్బతింది. ఒక పైరు మీద వచ్చిన ఫలితాన్ని ఇంకో పైరుకు అంటగట్టడం కుదరదు.

నాకు ఎక్కువ దిగులు చిక్కుడు జాతి పైర్ల గురించి. వేరుశనగ మొక్క పీకి, వేరు బుడిపెను గోటితో గిల్లి చూడండి. లోపల గులాబీ రంగు ఉంటే నత్రజని పని సాగుతున్నట్టు. పాలిపోయి ఉంటే ఆగినట్టు. 2012లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాంతా బార్బరా ప్రాంగణంలో సోయాచిక్కుడును సీరియం ఆక్సైడ్ నానో కణాలు కలిపిన మట్టిలో కాయ కాసేదాకా పెంచారు. డీజిల్‌లో కలిపే పదార్థాల్లో ఇదొకటి. మోతాదు ఎక్కువైనచోట నత్రజని స్థాపన దాదాపు నిలిచిపోయింది. వాళ్లు మొలక దగ్గర ఆగిపోయి ఉంటే ఈ సంగతి బయటపడేది కాదు.

మురుగు మన దగ్గరా పొలాలకు చేరుతోంది. మూసీ నది వెంట హైదరాబాదు మురుగునీటితో పశువుల గడ్డి, ఆకుకూరలు పెంచుతున్నారు. ఆ గడ్డి మేసిన గేదెల పాలు నగరానికే వస్తాయి. అలాంటి నీటికి మామూలుగా చేసే పరీక్షలో లోహం మొత్తం ఎంతో చెబుతాం. అందులో కరిగినది ఎంత, కణంగా ఉన్నది ఎంత అన్నది విడదీయం. విడదీయడానికి సింగిల్ పార్టికల్ ఐసీపీ-ఎంఎస్ పద్ధతి ఉంది. ఈ పనికి పరికరం ఉన్న సంస్థ, లేని కళాశాలకు చేయి అందించాలి.

అందుకే రేపటి సర్వసభ్య సమావేశానికి ఒక తీర్మానం ప్రతిపాదిస్తున్నాను. వచ్చే ఏడాది నుంచి ఈ సదస్సుకు వచ్చే నానో పత్రాల్లో కణాలతోపాటు అదే లోహపు లవణాన్ని అదే మోతాదులో పెట్టి పోల్చి చూపాలి. పోల్చకపోతే దెబ్బ కణం వల్లా, కరిగిన లోహం వల్లా అన్నది తేలదు. రెండోది, స్వేదన జలంలో మొలకెత్తించి ఆగకుండా ఒక్క పంటకాలమైనా నల్లరేగడిలో, ఎర్రనేలలో పెంచి చూడాలి. ఉదజని సూచిక మారితే జింకు నడక మారిపోతుంది, కాబట్టి రెండు నేలలూ కావాలి. బుడిపెలు లెక్కపెట్టాలి, గింజలో లోహం కొలవాలి. ఆకు రసంతో వెండి కణాలు తయారుచేసేవారు మిగిలిన ద్రావణాన్ని సింకులో పారబోయకుండా విడిగా సేకరించాలి, సేకరించామని పత్రంలో రాయాలి. దీనివల్ల పత్రాల సంఖ్య తగ్గుతుందని నాకు తెలుసు. తగ్గనివ్వండి.

తీర్మానం ముసాయిదా మీ సంచుల్లో ఉంది. అభ్యంతరాలుంటే ఈ రాత్రికి రాసి కార్యదర్శికి ఇవ్వండి, రేపు అన్నిటినీ సభ ముందు చదివిస్తాను. ఇప్పుడు మొదటి సమావేశం నడిపే మిత్రులను వేదిక మీదకు ఆహ్వానిస్తున్నాను.