డీవీడీలు, తాళాలు, నాన్న గొంతు

ఈమధ్య ఒక మిత్రుడు అడిగాడు. "ఇండియన్ స్టోరులో కొన్న సినిమా డీవీడీలు పాతిక దాకా ఉన్నాయి. గీతలు పడి ఆగిపోతున్నాయి. సాఫ్ట్‌వేరుతో కాపీ తీసి దాచుకుంటే తప్పా?" అని. నేను కంప్యూటర్ల వాణ్ణే గాని లాయర్ని కాను. తెలిసినంతవరకు చెబుతాను.

అమెరికాలో కంప్యూటర్ ప్రోగ్రాము కొన్నవాళ్ళు బ్యాకప్ ఉంచుకోవచ్చని కాపీరైట్ చట్టంలోనే రాసి ఉంది. సినిమాకి ఆ వెసులుబాటు రాయలేదు. పైగా చాలా సినిమా డీవీడీలకి సీఎస్ఎస్ అనే తాళం ఉంటుంది. 1998లో వచ్చిన డీఎంసీఏ చట్టం ఆ తాళం తీయడాన్నీ, తీసే పనిముట్లు అమ్మడాన్నీ నిషేధించింది. మరుసటి ఏడాదే ఒక చిన్న ప్రోగ్రాము ఆ తాళాన్ని బద్దలుకొట్టింది. తాళం పోయినా చట్టం మాత్రం అలాగే ఉంది.

మిస్సోరీకి చెందిన 321 స్టూడియోస్ 'డీవీడీ ఎక్స్ కాపీ' అనే సాఫ్ట్‌వేరుని బహిరంగంగానే అమ్మేది. 2004 ఫిబ్రవరిలో శాన్‌ఫ్రాన్సిస్కోలో జడ్జి సుసాన్ ఇల్‌స్టన్ ఆ అమ్మకం ఆపమన్నారు. ఆగస్టుకల్లా కంపెనీయే మూతపడింది. 2009లో రియల్‌డీవీడీ అనే సాఫ్ట్‌వేరుకీ అదే గతి పట్టింది. ఆ కేసులో జడ్జి మెరిలిన్ పటేల్ అన్నదాని సారాంశం ఇది: సొంత డీవీడీని సొంతానికి కాపీ చేసుకోవడం న్యాయమే కావచ్చు, అందుకు పనికొచ్చే పనిముట్టు తయారుచేసి అమ్మడం మాత్రం చట్టవిరుద్ధం. నుయ్యి మీదే, చేద మాత్రం ఎవరూ అమ్మకూడదన్నమాట!

అందుకే తాళం ఉన్న డిస్కు జోలికి పోవద్దంటాను. సినిమా పోతే చాలాసార్లు మళ్ళీ ఎక్కడో దొరుకుతుంది. మళ్ళీ దొరకని డిస్కు ఒకటి మీ బీరువాలోనే ఉండొచ్చు.

పోయినసారి అమ్మ గుంటూరు నుంచి వస్తూ అక్క పెళ్ళి డీవీడీ తెచ్చింది. 2005 నాటిది. "ఒరేయ్, మీ నాన్న గొంతు ఒక్కసారి వినిపించరా" అంది. నాన్న పోయి ఆరేళ్ళు. డిస్కు పెట్టాను. కన్యాదానం దగ్గర బొమ్మ ముక్కలై ఆగిపోయింది. అమ్మ ఏమీ అనలేదు, లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ వీడియో తీసినాయన దుకాణం ఎప్పుడో ఎత్తేశారు. లోకంలో ఉన్నది ఆ ఒక్క కాపీయే.

ఫ్యాక్టరీలో అచ్చొత్తిన డిస్కు వేరు, ఇంట్లోనో స్టూడియోలోనో రాసిన డిస్కు వేరు. రెండోదానిలో సమాచారం రంగు పొర మీద ఉంటుంది. ఎండకీ వేడికీ ఆ పొర పాడవుతుంది. పెళ్ళి డిస్కుకి మామూలుగా తాళం ఉండదు, ఉన్నదున్నట్టు కాపీ తీసుకోవచ్చు.

డీడీరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రాముంది. అది ముందు బాగున్న భాగాలు చదివి, చెడ్డచోట్లకి తర్వాత మళ్ళీ మళ్ళీ వస్తుంది. డిస్కు తుడిచి, రాత్రంతా దాన్ని నడవనిచ్చాను. తెల్లారేసరికి దాదాపు అంతా వచ్చింది. కన్యాదానంలో ఒక నిమిషం పోయింది. అప్పగింతల్లో నాన్న మాట దక్కింది. అమ్మ దాన్ని నాలుగుసార్లు వింది.

ఇప్పటి లాప్‌టాపుల్లో చాలావాటికి డీవీడీ డ్రైవు ఉండదు. యూఎస్‌బీకి తగిలించేది ఒకటి కొనండి. తీసిన కాపీని రెండు హార్డ్ డిస్కుల్లో పెట్టి, ఒకటి ఇండియాలో అక్కకో తమ్ముడికో ఇవ్వండి. కాపీ అయిందని ఊరుకోకుండా ఒకసారి చివరిదాకా చూడండి.

సినిమాల సంగతి తర్వాత. ఈ ఆదివారం ముందు ఆ పెళ్ళి డిస్కు బయటికి తీయండి. సెలవు.